పెడచెవిన పడ్డ చెవి

చెవి కారడం రోగం కాదు. కనీసం ఈ దేశంలో చాలా ఇళ్లలో దానికి ఆ హోదా లేదు. జలుబు చేసింది, చెవి కారుతోంది, వానలు తగ్గితే అదే పోతుంది. లెక్క అంతవరకే. పిల్లవాడి దిండు మీద పసుపు మరక కనిపిస్తే తల్లి గలీబు మార్చేస్తుంది. 'వాళ్ల నాన్నకూ చిన్నప్పుడు ఇంతే' అని నాయనమ్మ తేల్చేస్తుంది. బళ్లో రెండుసార్లు పిలిస్తే గానీ పలకని ఆ పిల్లవాడికి మాస్టారు నిర్ధారించే రోగం వేరు: మొద్దు. ఈ ముగ్గురిలో ఒక్కరూ వాడి చెవిలోకి చూసి చెప్పినవారు కారు.

వైద్యులు దీన్ని క్రానిక్ సపురేటివ్ ఓటైటిస్ మీడియా అంటారు. పేరు నోరు తిరగకపోయినా సంగతి తేలికే. కర్ణభేరికి చిల్లు పడి, దాని గుండా రెండు వారాలకు మించి చీము కారుతూ ఉండటం. ప్రపంచంలో ఆరున్నర కోట్ల నుంచి 33 కోట్ల మందికి ఇలా చెవులు కారుతున్నాయనీ, వారిలో 60 శాతం మందికి వినికిడి చెప్పుకోదగ్గ స్థాయిలో తగ్గిందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో అంచనా వేసింది. ఆ అంచనాలో కింది అంకెకూ పై అంకెకూ మధ్య అయిదు రెట్ల తేడా ఉందంటేనే ఈ రోగుల్ని లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదని అర్థం. వ్యాధి అత్యధికంగా ఉన్న దేశాల జాబితాలో మాత్రం భారత్ పేరు సందేహానికి తావు లేకుండా ఉంది.

లెక్కల గొడవ అక్కడితో ఆగలేదు. దేశంలో చెప్పుకోదగ్గ వినికిడి లోపం ఉన్నవారు దాదాపు 6.3 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2011 జనాభా లెక్కల్లో వినికిడి వైకల్యం ఉన్నవారుగా నమోదైంది 50 లక్షల పైచిలుకు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ప్రశ్నలు వేరు, కొలబద్దలు వేరు. ఐతే ఆ రెండు అంకెల మధ్య ఇరుక్కుపోయిన కోట్లాది మందిలో చెవి కారే పిల్లలూ కనిపిస్తారు. వారిని వైకల్యం ఉన్నవారనడానికి చట్టం ఒప్పుకోదు. ఆరోగ్యవంతులనడానికి వారి చెవి ఒప్పుకోదు.

చట్టం సంగతి కాస్త వివరంగా చూడాల్సిందే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ వినికిడి నష్టం ఉంటే బధిరులు. 60 నుంచి 70 డెసిబెల్స్ మధ్య ఉంటే వినికిడి మందగించినవారు. అంతకు తక్కువైతే సర్టిఫికెట్ లేదు, రిజర్వేషన్ లేదు, ఉపకరణాలకు సాయమూ లేదు. విచిత్రమేమిటంటే, చెవి మధ్యభాగం ఎంత దెబ్బతిన్నా, అంటే కర్ణభేరి చిరిగినా, దాని వెనకున్న మూడు చిన్న ఎముకల గొలుసు తెగినా, నష్టం సాధారణంగా 60 డెసిబెల్స్ దాటదు. చాలామంది పిల్లల్లో అది 20 నుంచి 40 మధ్యే ఉంటుంది. అంటే లోపలి చెవికి దెబ్బ తగిలి శాశ్వత చెవుడు వస్తే తప్ప ఈ రోగి ప్రభుత్వం కంట పడడన్నమాట. నయం చేయగలిగినంత కాలం లెక్కలో ఉండడు, చేయిదాటాక జాబితాలో చేరతాడు. బాగా వినిపించే చెవిలో 35 డెసిబెల్స్ నష్టం దాటితేనే వైకల్యం కింద పరిగణించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదికలో పేర్కొంది. మన చట్టానికి ఆ మాట ఇంకా చేరలేదు.

30, 40 డెసిబెల్స్ అంటే ఏమంత పెద్ద విషయం అనిపించవచ్చు. గదిలో ఇద్దరు మామూలుగా మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. అందులోంచి 40 తీసేస్తే మిగిలేది గుసగుస. ఫ్యాను చప్పుడు, పక్క క్లాసు ఎక్కాల మోత మధ్య మాస్టారి గొంతు ఆ పిల్లవాడికి వినబడుతూనే ఉంటుంది, మాటే తెలియదు. అచ్చులు చేరతాయి, సన్నగా పలికే హల్లులు రాలిపోతాయి. డిక్టేషన్‌లో వాడు రాసిన తప్పుల్ని చూసి చేతివాటు బెత్తానికి పని చెప్పిన మాస్టార్లు ఏ తరంలోనైనా ఉన్నారు. పైగా ఈ వినికిడి రోజుకో రకంగా ఉంటుంది. చీము కారే రోజున ఒకలా, ఆరిన రోజున మరోలా. 'కావాలనే వినిపించుకోడు' అన్న నింద ఇక్కడే పుడుతుంది.

ఇంతకీ ఈ చిల్లు ఎక్కడిది? మూలం చాలావరకు ముక్కులో ఉంటుంది. ముక్కు వెనక భాగాన్నీ మధ్య చెవినీ కలుపుతూ యూస్టేషియన్ నాళం ఉంటుంది. పెద్దల్లో అది పొడవుగా, ఏటవాలుగా ఉంటే పసిపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేసినప్పుడు క్రిములకు అదే రహదారి. పడుకోబెట్టి సీసాతో పాలు పట్టడం, కట్టెల పొయ్యి పొగ, ఇంట్లో బీడీ, ఒకే గదిలో పదిమంది నిద్ర, ముక్కు వెనక పెరిగిన అడినాయిడ్స్, ఇవన్నీ ఆ దారిని మరింత సుగమం చేస్తాయి. మధ్య చెవిలో చీము పట్టి పిల్ల రాత్రంతా గుక్కపట్టి ఏడుస్తుంది. తెల్లారేసరికి చెవి కారుతుంది, ఏడుపు ఆగుతుంది. నొప్పి పోయింది కదా అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి చీము ఒత్తిడికి కర్ణభేరి చిట్లింది, అందుకే నొప్పి తగ్గింది. ఆ దశలో సరైన వైద్యం అందితే చాలామందిలో చిల్లు వారాల్లో పూడిపోతుంది. అందకపోతే అది కిటికీలా మిగిలిపోతుంది. స్నానం చేసిన ప్రతిసారీ నీళ్లు, చెరువులో దూకిన ప్రతిసారీ బురద ఆ కిటికీలోంచే లోపలికి వెళతాయి.

దీన్ని గుర్తించడానికి స్కానింగ్ అక్కర్లేదు. లైటుతో చూసే ఓటోస్కోప్ ఒకటి, శృతిదండం ఒకటి ఉంటే చాలు. రెండోది హైస్కూలు ఫిజిక్స్ ల్యాబులో ఉండే వస్తువే. డాక్టర్లు వాడేది 512 హెర్ట్జ్ రకం. దాన్ని మోగించి చెవి వెనక ఎముక మీద ఆనించి, తర్వాత చెవి ముందు పెట్టి ఎక్కడ గట్టిగా వినబడిందో అడుగుతారు. ఎముక మీదే గట్టిగా వినబడితే లోపం బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉన్నట్టు. అంటే చాలావరకు సరిచేయగలిగేది. నుదుటి మీద ఆనిస్తే శబ్దం దెబ్బతిన్న చెవి వైపే లాగుతుంది. చెడిన చెవికే ఎక్కువ వినబడటమేమిటని రోగులు ఆశ్చర్యపోతారు గానీ డాక్టరుకు కావాల్సిన జవాబు అదే.

ఓటోస్కోప్‌తో చూసేవారికి తేల్చాల్సిన ప్రశ్న ఒకటుంది. చిల్లు కర్ణభేరి నడుమ ఉందా, పైఅంచున ఉందా? నడుమ ఉండి, చీము పలచగా, ధారాళంగా, పెద్దగా వాసన లేకుండా వస్తుంటే ప్రాణానికి ముప్పు తక్కువ. పైఅంచున ఉండి, కారేది కొంచెమే అయినా కుళ్లు కంపు కొడుతుంటే జాగ్రత్తపడాలి. అది కొలెస్టియటోమా కావచ్చు. చర్మపు పొర లోపలికి పెరిగి ఎముకను కొద్దికొద్దిగా తినేసే జబ్బు అది. దాన్ని మందులతో లొంగదీయలేరు, ఆపరేషన్ తప్పదు. అశ్రద్ధ చేస్తే ముఖ నరం దెబ్బతిని మూతి వంకరపోవచ్చు, మెదడులో చీముగడ్డ కట్టవచ్చు. చెవి వెనక నొప్పితో కూడిన వాపు, చెవి ముందుకు పొడుచుకురావడం, చెవి కారే మనిషికి ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

మిగిలిన కేసుల్లో వైద్యం ఎంత చవకంటే, చెబితే నమ్మరు. శుభ్రమైన మెత్తటి నూలుగుడ్డను వత్తిలా చుట్టి చెవిలో పెట్టాలి. తడిసిన వత్తి తీసేసి పొడిది పెట్టాలి. వత్తి పొడిగా బయటికి వచ్చేదాకా ఇలా చేయాలి. పుల్లలు, పిన్నులు వద్దు. తర్వాత సిప్రోఫ్లోక్సాసిన్ రకం చుక్కలు వేయాలి. రోజుకు మూడుసార్లు, రెండు వారాలు. సీసాను కాసేపు అరచేతిలో పట్టుకుని గోరువెచ్చగా చేయకపోతే చల్లటి చుక్క పడగానే కళ్లు తిరుగుతాయి. చుక్కలు వేశాక చెవి రంధ్రం ముందున్న చిన్న తమ్మెను నాలుగైదుసార్లు నొక్కితే మందు లోపలికి దిగుతుంది. తుడవకుండా చుక్కలు వేస్తే మందు చీము మీదే తేలుతుంది, రోగం దగ్గరికి చేరదు. ఆసుపత్రుల్లో తీరిక లేక చెప్పకుండా వదిలేసేది సరిగ్గా ఈ ముక్కే. స్నానానికి ముందు వాజెలిన్ రాసిన దూది చెవిలో పెట్టుకోవడం, తర్వాత తీసేయడం కూడా మందు కిందే లెక్క.

ఊళ్లలో జరిగేది మరొకటి. వెల్లుల్లి వేసి కాచిన నూనె, కొన్ని చోట్ల ఆకు పసర్లు, పట్నాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్. చిల్లున్న చెవిలో నూనె పోయడమంటే క్రిములకు విందు చేయడమే. వానాకాలంలో బూజు పట్టడానికీ అదో కారణం. చెవి లోపల దురద, తడి కాగితం ముద్దలా కనిపించే మడ్డి ఆ బూజు గుర్తులు. దానికి యాంటీబయాటిక్ చుక్కలు వేసేకొద్దీ ముదురుతుంది, క్లోట్రిమజోల్ కావాలి. ఇక ఆర్ఎంపీ దగ్గరికి వెళితే యాంటీబయాటిక్ మాత్రలు, ఇంజెక్షన్లు. అప్పుడే వచ్చిన చెవిపోటుకు మాత్రలు అవసరం కావచ్చు. ఏళ్ల తరబడి కారే చెవికి మాత్రల కంటే చుక్కలే మేలని పరిశోధనలు తేల్చి చాలాకాలమైంది. చుక్కల్లోనూ మెలిక ఉంది. జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్నవి చిల్లు గుండా లోపలి చెవికి చేరితే వినికిడి నరాన్నే దెబ్బతీసే ప్రమాదం ఉంది. మందుల షాపులో 'చెవిలో చుక్కల మందివ్వండి' అని అడిగేవారికీ, ఇచ్చేవారికీ ఈ తేడా పట్టదు.

గులిమి విషయంలోనూ ఇంతే. దాన్ని మురికి అనుకుంటారు గానీ అది చెవికి కాపలా. తనంతట తాను బయటికి వస్తుంది. ఇయర్ బడ్ పెట్టి తిప్పేవారు దాన్ని తీయరు, లోపలికి దట్టిస్తారు. పాత ఢిల్లీ వీధుల్లో చిన్న పుల్లలతో చెవులు శుభ్రం చేసేవారి చేతివాటం చూడముచ్చటగా ఉంటుందేమో గానీ అదే పుల్లతో ఎన్ని చెవులు తిరిగివచ్చారో అడిగే గిరాకీ అరుదు.

చెవి ఆరాక కూడా చిల్లు పూడకపోతే టింపనోప్లాస్టీ చేస్తారు. చెవి పైన కణతి దగ్గర కండరం మీదుండే పలుచటి పొరను తీసి కర్ణభేరికి మాసిక వేయడం. వంద గజాల బట్టకు జానెడు మాసిక లాంటిదే గానీ అది పడితే మళ్లీ చెరువులో దూకవచ్చు, డిక్టేషన్ రాయవచ్చు. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీల్లో ఈ ఆపరేషన్ ఉంది. సమస్య ఆపరేషన్ బల్ల దాకా చేరడంలోనే.

ఈఎన్‌టీ ఓపీకి వచ్చే మిగతా జబ్బుల్లోనూ ఇదే వరస: తేలికవాటికి భయపడతారు, భయపడాల్సినవాటిని తేలిగ్గా తీసుకుంటారు. ముక్కు దిబ్బడకు చుక్కలు అయిదారు రోజులకు మించి వాడితే ఆ చుక్కలే దిబ్బడ తెస్తాయి. ఏళ్ల తరబడి సీసా జేబులో పెట్టుకు తిరిగేవారు ఉన్నారు. గొంతునొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌వి, యాంటీబయాటిక్ అవసరం లేనివి. మరోపక్క బొంగురు గొంతు మూడు వారాలు దాటినా, ముఖ్యంగా పొగాకు అలవాటున్నవారిలో, స్వరపేటిక చూపించుకోరు. అది కేన్సర్ తొలి గుర్తు కావచ్చు. నిద్ర లేచేసరికి ఒక చెవి వినబడకపోతే గులిమి అడ్డుపడిందని వారం ఆగుతారు. ఆకస్మిక చెవుడుకు స్టెరాయిడ్ వైద్యం ఎంత త్వరగా, వీలైతే మొదటి రెండు మూడు రోజుల్లో, మొదలైతే అంత మేలు. పిల్లవాడికి ఒక్క ముక్కులోంచే దుర్వాసనతో చీమిడి వస్తుంటే లోపల బఠాణీయో స్పాంజి ముక్కో ఉందని అనుమానించాలి. ఆటబొమ్మల్లోని బటన్ బ్యాటరీ ఐతే గంటల మీద పని, కణజాలాన్ని కాల్చేస్తుంది.

మరి ఇంత చవక వైద్యం ఊరికి ఎందుకు చేరలేదు? కన్నుతో పోల్చి చూస్తే జవాబు కొంత దొరుకుతుంది. సర్వేంద్రియాణాం నయనం ప్రధానం అన్న మాటను ప్రభుత్వాలు అక్షరాలా పాటించాయి. అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లోనే వచ్చింది. చెవుడు నివారణకు అలాంటిది 2006లో గానీ రాలేదు. అదీ ప్రయోగాత్మకంగా, ఆంధ్రప్రదేశ్ సహా 10 రాష్ట్రాలు, ఒక కేంద్రపాలిత ప్రాంతంలోని 25 జిల్లాల్లో. ఈ 30 ఏళ్ల వ్యవధిలో కంటికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో ఆప్తాల్మిక్ అసిస్టెంటు అనే ఉద్యోగి తయారయ్యాడు. చెవికి అలాంటి మనిషి లేడు. సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో తప్పనిసరిగా ఉండాల్సిన నిపుణుల జాబితాలో సర్జన్, ఫిజిషియన్, గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు ఉన్నారు. ఈఎన్‌టీ కోసం జిల్లా కేంద్రం బస్సెక్కాలి.

రాజకీయంగానూ కన్ను గిట్టుబాటు. 2018 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన కంటి వెలుగు ఊరూరా శిబిరాలు పెట్టి కళ్లద్దాలు పంచింది. 2019లో ఆంధ్రప్రదేశ్ అదే పేరుతో తన పథకాన్ని తెచ్చింది. కళ్లద్దాలు ముఖం మీద కనబడతాయి, ఫొటోకు బాగుంటాయి. ఆరిన చెవిని ఫొటో తీయడం కష్టం. చెవి విషయంలో ప్రభుత్వాలకు ఫొటో దొరికింది కాక్లియర్ ఇంప్లాంట్‌లో. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పుట్టుచెవుడు పిల్లలకు ఆ ఖరీదైన శస్త్రచికిత్సను అందుబాటులోకి తెచ్చింది. 2014లో కేంద్రం కూడా వికలాంగుల ఉపకరణాల పథకం కింద ఒక్కో ఇంప్లాంట్‌కు 6 లక్షల రూపాయల దాకా భరించడానికి ముందుకొచ్చింది. పుట్టుకతో వినబడని పసివారికి అది పునర్జన్మే, దాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. కానీ ఒక ఇంప్లాంట్ ఖర్చుతో ఎన్ని వందల మంది పిల్లల చెవులకు రెండు వారాల చుక్కలు వస్తాయో లెక్క కట్టడానికి ఆర్థికశాస్త్రం చదవక్కర్లేదు. ఒకటి వేడుకగా జరిగే కార్యక్రమం, రెండోది రోజూ విసుగు లేకుండా చేయాల్సిన పని. మన వ్యవస్థకు రెండోదంటేనే బద్ధకం.

కాగితం మీద మాత్రం లోటేమీ లేదు. 2006 కార్యక్రమం తర్వాత జాతీయ ఆరోగ్య మిషన్‌లో భాగమైంది. ఆరోగ్య కేంద్రాలకు ఓటోస్కోప్, శృతిదండంతో కూడిన కిట్లు ఇవ్వాలని అందులోనే ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో గుర్తించాల్సిన జబ్బుల్లో చెవిలో చీమునూ వినికిడి లోపాన్నీ చేర్చింది. 2018లో మొదలై 2023లో ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌లుగా పేరు మారిన కేంద్రాల 12 రకాల సేవల్లో కన్ను, చెవి, ముక్కు, గొంతు జబ్బుల వైద్యం కూడా ఉంది. సిప్రోఫ్లోక్సాసిన్, క్లోట్రిమజోల్ చుక్కలు జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. అంటే మందుకు ఆమోదం ఉంది, మనిషికి ఉత్తర్వు ఉంది, పరికరానికి పద్దు ఉంది. ఓటోస్కోప్‌లో బ్యాటరీ ఉందా, దాన్ని పట్టుకోవడం ఆ నర్సుకు ఎవరైనా నేర్పారా అన్నదే ప్రశ్న.

నేర్పడం అసాధ్యమేమీ కాదని పొరుగుదేశం ఎప్పుడో చూపింది. నేపాల్‌లో 1988 నుంచి బ్రిటన్ వైద్యుల సహకారంతో చెవి శిబిరాలు నడిచాయి. నేపాల్‌గంజ్ కేంద్రంగా స్థానిక యువతకు చెవి పరీక్ష, తుడవడం, చుక్కలు వేయడం నేర్పి గ్రామాలకు పంపారు. ఆపరేషన్ కావాల్సినవారిని వారే ఏరి శిబిరానికి తెచ్చేవారు. డాక్టరు కొరత ఉన్న దేశం డాక్టరు సమయాన్ని ఎలా వాడుకోవాలో తేల్చుకుంది. మన దగ్గర ఆశా కార్యకర్తకు ఇప్పటికే చేతినిండా రిజిస్టర్లున్నాయి, నిజమే. ఐతే ఆమె ఇల్లిల్లూ తిరిగేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇంట్లో ఎవరికైనా చెవి కారుతోందా, ఎన్నాళ్ల నుంచి?

జవాబు 14 రోజులు దాటిందని వస్తే దగ్గరి ఆరోగ్య కేంద్రంలో చెవి చూసి, చుక్కలిచ్చి, వత్తి పెట్టడం చూపించాలి. రెండు వారాల్లో ఆరకపోతే ఈఎన్‌టీ నిపుణుడికి రాసి పంపాలి. కంపు కొడుతుంటే ఆ రెండు వారాలూ ఆగకూడదు. చీటీ పట్టుకుని బయల్దేరే ముందు జిల్లా ఆసుపత్రిలో ఈఎన్‌టీ ఓపీ ఏయే రోజుల్లో ఉంటుందో ఫోన్‌ చేసి కనుక్కోవడం మంచిది. కూలీ మానుకుని, రెండు బస్సులు మారి వచ్చిన తల్లికి ఆ గది తలుపు మూసి కనిపిస్తే, ఆ పిల్లవాడి చెవి సంగతి మళ్లీ వచ్చే వానాకాలానికే.